రాసి ఇచ్చేవారి పత్రం

విక్రయ దస్తావేజులో మొదటి పంక్తి నుంచి చివరి సంతకం వరకు మాట్లాడేది ఒక్కరే, ఆస్తిని అమ్మేవారు. కొనేవారి పేరు, తండ్రి పేరు, చిరునామా అందులో ఉంటాయి గాని కొనేవారి మాట ఒక్కటీ ఉండదు. ‘నాకు సంక్రమించిన’, ‘నా స్వాధీనానుభవంలో ఉన్న’, ‘మీకు దఖలు పరచిన’ అంటూ ప్రతి వాక్యమూ అమ్మకందారు నోటినుంచే వస్తుంది, వాటిలో ఏ ఒక్కటి అబద్ధమని తేలినా జవాబు చెప్పవలసిన బాధ్యత కూడా వారి మీదే పడుతుంది. అందుకే పాత దస్తావేజుల భాషలో అమ్మేవారిని ‘వ్రాసి ఇచ్చువారు’ అనీ, కొనేవారిని ‘వ్రాయించుకొనువారు’ అనీ పిలిచారు. అయితే తెలుగు రాష్ట్రాల్లో స్థిరపడిన ఆచారం ఈ పేర్లకు పూర్తిగా తలకిందులుగా నడుస్తోంది: దస్తావేజు లేఖరిని కుదుర్చుకొనేదీ, ముసాయిదా రాయించేదీ, స్టాంపు సుంకం చెల్లించేదీ కొనుగోలుదారు కాగా, రాసి ఇచ్చే వ్యక్తి మాత్రం రిజిస్ట్రేషన్ రోజున సబ్‌ రిజిస్ట్రార్ కార్యాలయానికి వచ్చి, చూపించిన చోటల్లా సంతకం చేసి, వేలిముద్ర వేసి, ఫొటో దిగి వెళ్తున్నారు.

ఈ ఆచారానికి మూలం చట్టంలోనే ఉంది. పార్టీల మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు విక్రయ దస్తావేజుపై స్టాంపు సుంకాన్ని కొనేవారే భరించాలని 1899 నాటి భారత స్టాంపు చట్టంలోని 29వ సెక్షను చెబుతుంది. డబ్బు పెట్టేవారి చేతిలోకే కాగితం కూడా వెళ్లిపోవడం దాని సహజ పర్యవసానం. పెద్ద ఆస్తులు అమ్మే సంస్థలకు సొంత న్యాయవాదులు ఉంటారు గనుక వారికి దీనివల్ల నష్టం లేదు. నష్టమంతా నూట యాభై గజాల ఇంటి స్థలాన్నో, రెండు పడక గదుల ఫ్లాటునో, ఊళ్లో తాతల నాటి పెంకుటింటినో జీవితంలో ఒకటి రెండుసార్లు మాత్రమే అమ్మే సామాన్య కుటుంబాలది. అటువంటివారు తమ కాగితం పని తామే చేసుకోగలరా అన్న ప్రశ్నకు చట్టం ఇచ్చే సమాధానం స్పష్టమైనది: చేసుకోవచ్చు. దస్తావేజును న్యాయవాదే రాయాలని గాని, లేఖరే రాయాలని గాని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఎక్కడా నిర్దేశించలేదు. ఆ చట్టం ప్రకారం జిల్లాలో సాధారణంగా వాడుకలో ఉన్న భాషలో దస్తావేజు ఉంటే చాలు గనుక, దాన్ని స్వచ్ఛమైన వాడుక తెలుగులో రాసుకోవడానికీ అడ్డంకి లేదు. రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖలూ తమ వెబ్‌సైట్లలో వివరాలను పౌరులే నమోదు చేసుకొనే ఏర్పాటును కల్పించాయి. 2025 నుంచి స్లాట్ బుకింగ్, అంటే ఫలానా రోజు ఫలానా వేళకు వస్తామని ముందుగా సమయం కేటాయింపజేసుకొనే పద్ధతి, రెండు చోట్లా విస్తరించింది. కాబట్టి అధికారం, సదుపాయం రెండూ ఉన్నాయి. కొరవడింది దస్తావేజులో ఏ మాటకు ఏ బరువు ఉంటుందో తెలిసిన ఎరుక మాత్రమే.

బయానా నాటి కాగితం

అమ్మకం నిజానికి రిజిస్ట్రేషన్‌తో మొదలుకాదు, బయానాతో మొదలవుతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 54వ సెక్షను ప్రకారం నూరు రూపాయలు, అంతకు మించి విలువ గల స్థిరాస్తి విక్రయం రిజిస్టరైన దస్తావేజు ద్వారా మాత్రమే జరుగుతుంది. అమ్ముతామని రాసుకొన్న ఒప్పందం, అంటే వాడుకలో అగ్రిమెంటు, ఆస్తిపై కొనేవారికి ఏ హక్కునూ దానంతట అది ఇవ్వదు. ఈ సూత్రం విన్న అమ్మకందారు అగ్రిమెంటును తేలికగా తీసుకోవడం పరిపాటి. అయితే హక్కు బదిలీ కాకపోయినా బాధ్యత ఆ క్షణంలోనే పుడుతుంది: 2018లో నిర్దిష్ట పరిహార చట్టాన్ని సవరించిన తరువాత, ఒప్పందాన్ని అమలు చేయించమని కొనుగోలుదారు కోర్టును కోరితే, చట్టం చెప్పిన కొద్దిపాటి మినహాయింపులు తప్ప, కోర్టు ఆ మేరకు ఆదేశించడమే నియమమైంది. అంతకుముందు అది న్యాయమూర్తి విచక్షణకు వదిలిన విషయం. ధర పెరిగిందని బయానా తిరిగి ఇచ్చి తప్పుకోవచ్చనుకొనే అమ్మకందారుకు ఈ మార్పు తెలిసి ఉండాలి.

అగ్రిమెంటులో అన్నింటికన్నా ప్రమాదకరమైన వాక్యం స్వాధీనానికి సంబంధించినది. ‘నేటి దినమే ఆస్తిని మీ స్వాధీనం చేసితిని’ అన్న ఒక్క పంక్తి చేరితే, తెలుగు రాష్ట్రాలకు వర్తించే స్టాంపు షెడ్యూలు ప్రకారం ఆ ఒప్పందం విక్రయంగానే లెక్కకు వచ్చి పూర్తి సుంకానికి లోబడుతుంది. అంతకు మించి, మిగతా సొమ్ము రాకముందే ఆస్తి చేయి దాటిపోతుంది. కాబట్టి స్వాధీనం రిజిస్ట్రేషన్ రోజునే, పూర్తి సొమ్ము ముట్టిన తరువాతే ఇస్తామని స్పష్టంగా రాసుకోవడం అవసరం. గడువు కూడా ‘మూడు నెలల లోపు’ వంటి మాటలతో కాకుండా తేదీతో ఉండాలి. ఆ తేదీకి కొనేవారు సొమ్ము తేకపోతే బయానా ఏమవుతుందో, అమ్మేవారు కాగితాలు సిద్ధం చేయలేకపోతే ఏమవుతుందో రెండు వైపులా రాసినప్పుడే ఆ ఒప్పందం నిలకడగా ఉంటుంది.

బయానాను నగదుగా తీసుకోవడం గురించి ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పవలసి ఉంది. స్థిరాస్తి బదిలీకి సంబంధించి 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం 2015 జూన్ 1 నుంచి నిషేధించింది, ఉల్లంఘిస్తే తీసుకొన్నంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు, ఆ జరిమానా పడేది ఇచ్చినవారిపై కాదు, తీసుకొన్నవారిపై. ప్రభుత్వ మార్కెట్ విలువకు దస్తావేజు రాయించుకొని మిగతాది నగదుగా ఇచ్చే అలవాటులో స్టాంపు సుంకం మిగిలేది కొనేవారికి కాగా, లెక్క చెప్పలేని సొమ్ముతో, సమాన మొత్తపు జరిమానా భయంతో మిగిలేది అమ్మేవారు. స్థిరాస్తి లావాదేవీలో రెండు లక్షలు, అంతకు మించి నగదు చేతులు మారినట్లు తమ దృష్టికి వస్తే ఆ సంగతిని కోర్టులు, రిజిస్ట్రేషన్ అధికారులు ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇంత బరువైన భారాన్ని అమ్మకందారు మరొకరి పొదుపు కోసం మోయవలసిన అవసరం ఏమాత్రం లేదు.

అమ్మేవారు వెతుక్కోవలసిన చరిత్ర

ఆస్తి చరిత్రను పరిశీలించడం కొనేవారి పని అనే అభిప్రాయం బలంగా నాటుకొంది. చట్టం మాత్రం అమ్మేవారిని కూడా అంతే గట్టిగా పట్టుకొంటుంది: ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షను ప్రకారం తనకు తెలిసిన, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మకందారు ముందుగా వెల్లడించాలి, వెల్లడించకపోవడం మోసం కిందకే వస్తుంది, అంతేకాదు, బదిలీ చేస్తున్న హక్కు తనకు ఉందని, దాన్ని బదిలీ చేసే అధికారం తనకు ఉందని అమ్మకందారు హామీ ఇచ్చినట్లే, దస్తావేజులో ఆ మాట రాయకపోయినా, చట్టం భావిస్తుంది. కాబట్టి కొనుగోలుదారు తరఫు న్యాయవాది అడగకముందే ఈసీని, అంటే ఆ ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలన్నింటినీ చూపే రుణభార ధ్రువపత్రాన్ని, అమ్మకందారు తానే తెప్పించుకొని చదవడం మంచిది. కంప్యూటర్ ద్వారా దొరికే ఈసీ సాధారణంగా 1983 నుంచి ఉన్న వివరాలను చూపుతుంది, అంతకు ముందు సంగతి కావాలంటే కార్యాలయంలోని పాత పుస్తకాలను వెతికించాలి.

ఈసీ చెప్పనిది కూడా చాలా ఉంటుంది. రిజిస్టరు కాని అగ్రిమెంటు, కుటుంబంలో నోటిమాటగా జరిగిన పంపకం, రిజిస్టరు చేయని వీలునామా, ఇంటి పన్ను బకాయి వంటివి అందులో కనిపించవు. మరోవైపు, తీరిపోయిన రుణం ఇంకా అందులో బతికే ఉండవచ్చు: బ్యాంకులో పత్రాలు తాకట్టు పెట్టినప్పుడు రిజిస్టరైన మెమొరాండం, రుణం తీరిన తరువాత విడుదల పత్రాన్ని కూడా రిజిస్టరు చేయించేదాకా ఈసీలో తనఖాగానే నిలిచి ఉంటుంది. రుణం పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా అసలు పత్రాలను తిరిగి ఇవ్వాలని, ఆలస్యానికి రుణమిచ్చిన బ్యాంకే కారణమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు విధించిన నియమం 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. అమ్మకానికి సిద్ధపడుతున్నవారు ఈ గడువును గుర్తుచేసి మరీ తమ పత్రాలను తెచ్చుకోవడం న్యాయం.

లింకు డాక్యుమెంట్లు, అంటే ప్రస్తుత యజమానికి ముందున్నవారి చేతుల నుంచి ఆస్తి ఎలా వచ్చిందో చూపే పత్రాల వరుస, ఎక్కువగా తెగేది కుటుంబంలోని మరణాల దగ్గర. తండ్రి స్వార్జితమైన ఇల్లు వీలునామా లేకుండా మిగిలితే హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు, ఆయన మరణించే నాటికి జీవించి ఉన్న ఆయన తల్లికి కూడా సమాన వాటా వస్తుంది. ఆ నాయనమ్మ వాటాను లెక్కలోకి తీసుకోని పంపకాలు ఎన్నో ఉంటాయి. ఆమె ఆ తరువాత మరణిస్తే ఆ వాటా ఆమె వారసులకు, అంటే మేనత్తలకు, బాబాయిలకు కూడా చేరుతుంది గనుక, ‘అన్నదమ్ములం మేమే’ అన్న మాట దస్తావేజులో నిజం కాకుండా పోతుంది. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ల హక్కు విషయంలో ఆంధ్రప్రదేశ్ దేశానికన్నా ముందు నడిచింది: 1985 సెప్టెంబరు 5 నుంచి, ఆ నాటికి పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కును రాష్ట్ర సవరణ కల్పించగా, 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ పెళ్లి అయిందా లేదా అన్న భేదం లేకుండా ఆ హక్కును దేశమంతటికీ విస్తరించింది, 2020లో సుప్రీంకోర్టు ఆ రోజుకు తండ్రి బతికి ఉండవలసిన పని కూడా లేదని తేల్చింది. ‘పసుపు కుంకుమల కింద ఇచ్చేశాం’ అన్న మాట చట్టం ముందు వాటాను తీర్చదు; ఆడపడుచుల సంతకం దస్తావేజులో రాసి ఇచ్చేవారిగా ఉండాలే తప్ప, సాక్షిగా సంతకం పెట్టించినంత మాత్రాన వారి హక్కు బదిలీ అయిందని నిశ్చింతగా ఉండలేము. మైనరుకు విడిగా చెందిన ఆస్తినైతే సహజ సంరక్షకులైన తల్లిదండ్రులు కూడా కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు, అమ్మితే ఆ బిడ్డ పెద్దయ్యాక దాన్ని రద్దు చేయించుకోవచ్చు.

నిషేధిత జాబితాను చూసుకోవడం ఇంకొక పని. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ సెక్షను కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూముల వంటి వాటిని రిజిస్టరు చేయరాదని నోటిఫై చేస్తారు, సర్వే నంబరులో కొంత భాగమే నిషిద్ధమైనా మొత్తం నంబరు జాబితాలోకి ఎక్కడం వల్ల నిరపాయమైన ఇళ్లు కూడా ఇరుక్కొంటుంటాయి, కాబట్టి బయానా తీసుకొన్నాక కాకుండా ముందే చూసుకోవాలి. భూమిలేని పేదలకు ప్రభుత్వం పట్టా ఇచ్చిన అసైన్డు భూముల బదిలీని 1977 నాటి తొమ్మిదవ చట్టం నిషేధించింది, తరువాతి సడలింపులు ఏ పట్టాకు వర్తిస్తాయో తహసీల్దారు కార్యాలయంలో తేల్చుకోకుండా అడుగు వేయరాదు. ఏజెన్సీ ప్రాంతాల్లో ‘వన్ ఆఫ్ సెవెంటీ’గా పేరుపడ్డ నిబంధన గిరిజనేతరులకు జరిగే బదిలీలను చెల్లనివిగా చేస్తుంది.

దస్తావేజులోని మాటలు

దస్తావేజు భాష శాసనాల కాలం నుంచి వస్తున్నది. నేటికీ ‘నిధి నిక్షేప జల తరు పాషాణాది అష్టభోగ తేజస్వామ్యములతో’ అని రాసే లేఖరులు ఉన్నారు. భూమిలో దొరికే నిధి, దాచిన నిక్షేపం, నీరు, రాయి, ఇప్పుడు అనుభవంలో ఉన్న ఫలం, రాబోయే ఫలం, ఇప్పటికే సిద్ధించినది, ఇకపై సాధించుకోగలిగినది అనే ఎనిమిది రకాల అనుభవ హక్కులను రాజులు అగ్రహారాలతో పాటు దానం చేసిన రోజుల నాటి మాట అది. దానికి అందం ఉంది, కొనసాగించినా హాని లేదు. అయితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు తెలపవలసిందే గనుక, ఆ హక్కును ఇంటి స్థలం అమ్మేవారు తమంతట తాము ఇవ్వగలిగే స్థితి నేడు లేదు. మాట పాతదైనా దాని కింద ఉన్న హక్కు మారిపోయిందని గుర్తించడం, దస్తావేజులోని ప్రతి మాటనూ అలాగే ప్రశ్నించడానికి తొలి అభ్యాసం అవుతుంది.

ప్రశ్నించవలసిన మొదటి మాట హామీ. మామూలు ముసాయిదాల్లో ‘భవిష్యత్తులో ఈ ఆస్తి విషయమై ఎవరివల్ల ఎట్టి తగాదా వచ్చినను నా సొంత ఖర్చులతో పరిష్కరించి, మీకు కలిగిన నష్టమును నా ఇతర చర స్థిరాస్తుల మూలముగా భర్తీ చేయగలవాడను’ అన్న ధోరణిలో ఒక పేరా ఉంటుంది. దీనికి గడువు లేదు, పరిమితి లేదు. పొరుగువారు పదేళ్ల తరువాత గోడ జరిపినా, రోడ్డు వెడల్పులో ముందు భాగం పోయినా, అమ్మినవారే భరించాలన్న వాదనకు అది చోటిస్తుంది. హక్కులోని లోపానికి అమ్మకందారు ఎలాగూ బాధ్యులే, దాన్ని తప్పించుకోజూడడం న్యాయమూ కాదు. ఆ హామీని ‘దస్తావేజు తేదీకి ముందు నావల్ల గాని, నా ద్వారా హక్కు పొందినవారివల్ల గాని, నా హక్కులోని లోపంవల్ల గాని కలిగిన వివాదాలకు’ అని పరిమితం చేయడం మాత్రం పూర్తిగా న్యాయమైన కోరిక. కొనేవారు మరికొంత గట్టి హామీ అడిగితే అది బేరంలో భాగంగా మాట్లాడుకోవలసిన విషయమే తప్ప, లేఖరి దగ్గర సిద్ధంగా ఉన్న నమూనా కారణంగా దానంతట అది దస్తావేజులోకి వచ్చి చేరవలసినది కాదు.

రెండవది ప్రతిఫలం, అంటే ఆస్తికి బదులుగా ముట్టిన సొమ్ము. ‘పూర్తి పైకము ముట్టినది’ అని సంతకం చేసి, చెక్కు చెల్లకపోతే దస్తావేజు రద్దవుతుందని నమ్మేవారు చాలామంది ఉన్నారు. ఆ నమ్మకం తప్పు. విక్రయ దస్తావేజు రిజిస్టరైతే, ప్రతిఫలంలో కొంత భాగం అందలేదన్న కారణంతో విక్రయాన్ని రద్దు చేయమని కోరే వీలు లేదని, రావలసిన సొమ్ము కోసం దావా వేసుకోవడమే మార్గమని 2020లో సుప్రీంకోర్టు మరోసారి స్పష్టం చేసింది. రాని సొమ్ముకు ఆ ఆస్తిపైనే అమ్మకందారుకు ఒక పూచీని 55వ సెక్షను కల్పించినా, ‘అంతా ముట్టింది’ అని స్వయంగా రాసి ఇచ్చినవారు దాన్ని నిరూపించుకోవడం చాలా కష్టం. ఇక అమ్మినవారు ఒంటరిగా వెళ్లి రద్దు దస్తావేజు రాసి రిజిస్టరు చేయించే దారిని ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ నియమాలే మూసివేశాయి, 2010లో ఈ రాష్ట్రం నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అందువల్ల సొమ్ము విషయంలో జాగ్రత్త అంతా సంతకానికి ముందే జరిగిపోవాలి: డిమాండ్ డ్రాఫ్టు నంబరు, తేదీ, బ్యాంకు పేరు గాని, ఖాతాకు బదిలీ అయిన మొత్తాల వివరాలు గాని దస్తావేజులో విడివిడిగా రాయాలి, కొనేవారి గృహరుణం బ్యాంకు నుంచి రావలసి ఉంటే బ్యాంకు ప్రతినిధి రిజిస్ట్రేషన్ చోటే చెక్కు అందించే ఏర్పాటు చేసుకోవాలి, తరువాత ఇస్తామన్న భాగం ఏదైనా ఉంటే అది బాకీ ఉన్నట్లే దస్తావేజులో కనిపించాలి.

మూడవది షెడ్యూలు, ఆస్తిని వర్ణించే చివరి భాగం. తరువాతి తరాల తగాదాలకు విత్తనం పడేది ఇక్కడే. విస్తీర్ణానికి, హద్దులకు పొంతన కుదరనప్పుడు న్యాయస్థానాలు సాధారణంగా హద్దులకే ప్రాధాన్యం ఇస్తాయి గనుక, పాత దస్తావేజులో ముప్పై ఏళ్ల నాటి పొరుగువారి పేర్లను గుడ్డిగా ఎత్తి రాయడం తప్పు; పాత హద్దును చెప్పి, ప్రస్తుతం ఆ వైపు ఎవరున్నారో కూడా చేర్చాలి. కొలమానం మరొక చిక్కు. కోస్తా, సీమల్లో సెంటు అంటే 48.4 చదరపు గజాలు. తెలంగాణలో గుంట అంటే 121 చదరపు గజాలు. అంకణమైతే నెల్లూరులో 72 చదరపు అడుగులు, తిరుపతి ప్రాంతంలో 36. అమ్మేవారు ఒక జిల్లా, కొనేవారు మరో జిల్లా అయినప్పుడు ‘ఇరవై అంకణాలు’ అన్న మాట రెండు వేర్వేరు స్థలాలను సూచిస్తుంది. కాబట్టి స్థానిక కొలతతో పాటు చదరపు గజాల్లో, చదరపు మీటర్లలో కూడా రాసి, నాలుగు వైపుల పొడవులతో చిన్న పటాన్ని జతపరచడం క్షేమం. నేల మీద టేపుతో కొలిచిన కొలత పత్రంలోని దానికన్నా తగ్గితే, తగ్గినదే రాయాలి.

దస్తావేజులో కొట్టివేతలు, పంక్తుల మధ్య చేర్పులు, ఖాళీలు ఉంటే వాటి పక్కన రాసి ఇచ్చేవారి సంతకం లేనిదే రిజిస్ట్రార్ తిరస్కరించవచ్చు. సాక్షుల సంగతిలో ఒక చిన్న విశేషం ఉంది: దాన దస్తావేజుకు ఇద్దరు సాక్షుల ధ్రువీకరణ తప్పనిసరి చేసిన ఆస్తి బదిలీ చట్టం, విక్రయ దస్తావేజుకు ఆ షరతు పెట్టలేదు, అయినా గుర్తింపు కోసం, రేపటి వివాదంలో చెప్పగల నోటి కోసం ఇద్దరిని ఉంచుకోవడం తరతరాల వివేకం.

పన్ను, కార్యాలయం, దూరం

ఇంటి స్థలాలు, ఇళ్ల విక్రయంపై స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి ఇటీవలి సంవత్సరాల్లో రెండు రాష్ట్రాల్లోనూ ఏడున్నర శాతంగా ఉన్నాయి. అమ్మేవారికి పట్టేది మాత్రం మూలధన లాభంపై పన్ను. ఆస్తిని 24 నెలలకు మించి ఉంచుకొని అమ్మితే అది దీర్ఘకాలిక లాభం. 2024 జూలై 23కు ముందు సంపాదించిన ఇల్లు, స్థలం విషయంలో భారత నివాసులైన వ్యక్తులకు రెండు లెక్కల్లో తక్కువ పన్ను వచ్చేది వర్తిస్తుంది: ద్రవ్యోల్బణ సూచీతో కొన్న ధరను పెంచి మిగిలిన లాభంపై 20 శాతం, లేదా ఏ పెంపూ లేకుండా లాభంపై 12.5 శాతం. ఉదాహరణకు 2005-06లో రెండు లక్షలకు కొన్న స్థలాన్ని 2024-25లో, జూలై 23 తరువాత, ముప్పై లక్షలకు అమ్మితే, సూచీ 117 నుంచి 363కు పెరిగింది గనుక కొన్న ధర సుమారు 6,20,500 అవుతుంది, మిగిలిన లాభంపై 20 శాతం అంటే దాదాపు 4,75,900. రెండవ లెక్కలో 28 లక్షలపై 12.5 శాతం అంటే 3,50,000. ధర బాగా పెరిగిన చోట రెండవదే మేలు, పెరగని చోట మొదటిది. వారసత్వంగా వచ్చిన ఆస్తికి పూర్వీకులు పెట్టిన ధరే కొన్న ధరగా లెక్కకు వస్తుంది, 2001కి ముందు నాటిదైతే 2001 ఏప్రిల్ 1 నాటి విలువను తీసుకోవచ్చు. ప్రభుత్వ విలువ దస్తావేజులో రాసిన ధరకన్నా పది శాతానికి మించి ఎక్కువైతే, అందని సొమ్ముపై కూడా పన్ను పడుతుంది. ధర గాని, ప్రభుత్వ విలువ గాని 50 లక్షలు, అంతకు మించితే కొనేవారు ఒక శాతం కోసి అమ్మేవారి పాన్ నంబరు కింద జమ చేయాలి, ఆ కోత ధ్రువపత్రాన్ని అడిగి తీసుకోవాలి. 1961 చట్టం స్థానంలో 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా వచ్చినందువల్ల, పాత నమూనాల్లోని సెక్షను నంబర్లను అలాగే దించుకోరాదు.

రాసి సంతకం చేసిన నాటి నుంచి నాలుగు నెలల్లోపు దస్తావేజును సబ్‌ రిజిస్ట్రార్ ముందు దాఖలు చేయాలి. అక్కడ అధికారి అడిగే అసలు ప్రశ్న ఒక్కటే, దీన్ని రాసి ఇచ్చింది మీరేనా అని. హక్కు ఎవరిదో తేల్చడం ఆ అధికారి పని కాదని, తమిళనాడు నియమం ఒకదాన్ని కొట్టివేస్తూ 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక రిజిస్ట్రేషన్ అయింది గనుక అంతా సక్రమమేనన్న ధీమా ఇద్దరికీ తగదు. అధికారి తిరస్కరిస్తే కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలి, ఆ ఉత్తర్వుపై 30 రోజుల్లో జిల్లా రిజిస్ట్రార్‌కు అప్పీలు చేసుకోవచ్చు. మాటతో తిప్పి పంపేసినప్పుడు ఉత్తర్వును కాగితంపై అడగడం పౌరుల హక్కు, తమ పని తాము చేసుకొనేవారు ఆ హక్కును వాడుకోవడానికి సంకోచించకూడదు.

డల్లాస్‌లోనో, సిడ్నీలోనో ఉండి గుంటూరులోనో, కరీంనగర్‌లోనో ఉన్న స్థలాన్ని అమ్మే తెలుగువారికి మరొక పత్రం కావాలి, అది అధికార పత్రం, వాడుకలో జీపీఏ. దాన్ని అక్కడి భారత దౌత్య కార్యాలయంలో ధ్రువీకరింపజేసి పంపితే, భారతదేశానికి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు సుంకం చెల్లించాలి. సోదరులకో, స్నేహితులకో ఇచ్చే ఆ అధికారం సర్వాధికారంగా ఉండకూడదు. ఏ ఆస్తి, ఎంతకు తగ్గని ధర, సొమ్ము ఎవరి ఖాతాలో పడాలి అన్నవి అందులోనే ఉండాలి. జీపీఏ రాసిచ్చి అదే అమ్మకం అనుకొనే పద్ధతికి హక్కు బదిలీ చేసే శక్తి లేదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అమ్మేవారు ప్రవాసులైతే పన్ను కోతకు 50 లక్షల పరిమితి వర్తించదు, రేటు కూడా వేరు. లాభం తక్కువగా ఉన్నవారు తగ్గింపు ధ్రువపత్రానికి ఆదాయపు పన్ను శాఖకు ముందుగానే దరఖాస్తు చేసుకోవాలి.

సొంతంగా చేయకూడని సందర్భాలనూ నిజాయితీగా ఒప్పుకోవాలి. కోర్టులో దావా నడుస్తున్న ఆస్తి, మైనరు వాటా ఉన్న ఆస్తి, వారసుల్లో ఒకరు జాడ తెలియని ఆస్తి, అసైన్డు మచ్చ ఉన్న భూమి, విడదీయని ఉమ్మడి వాటా అమ్మకం న్యాయవాది చేతికి వెళ్లవలసినవే. తెలంగాణలో సాగుభూమి బదిలీలు తహసీల్దారు వద్ద, 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి చట్టం కింద, వేరే పద్ధతిలో జరుగుతాయి గనుక ఇంటి స్థలానికి రాసుకొన్న నమూనా వాటికి పనికిరాదు.

రిజిస్ట్రేషన్ పూర్తయ్యాక అసలు దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు కొనేవారి వెంట వెళ్లిపోతాయి, అందువల్ల అమ్మకందారు వాటి నకళ్లను ముందే తీసిపెట్టుకొని, రిజిస్టరైన దస్తావేజుకు సర్టిఫైడు కాపీని కూడా దరఖాస్తు చేసి తెచ్చుకోవాలి. పన్ను రిటర్నుకు, హామీ పేరాపై ఎప్పుడైనా ప్రశ్న వస్తే జవాబుకు అదే ఆధారం. ఇంటి పన్ను రికార్డులోనూ, కరెంటు, నీటి కనెక్షన్లలోనూ పేరు మార్పు కొనేవారు చేయించుకొంటారని వదిలేయకుండా, అమ్మకం తేదీని తెలుపుతూ మున్సిపాలిటీకో, పంచాయతీకో, విద్యుత్ కార్యాలయానికో రాతపూర్వకంగా తెలియజేసి రసీదు తీసుకోవాలి. మీటరు అమ్మినవారి పేరనే ఉన్నంత కాలం దాని బకాయి నోటీసు వచ్చేదీ ఆ పేరుకే.